ఛాతీ కింది కావలి

"నూట ఎనభై ఎనిమిది," అంది అత్తగారు, నిండు బస్సులో చివరి సీటు దాకా వినపడేలా ఛార్జీ చెప్పే గొంతుతో. ఆ అంకె చెవిన పడగానే అతని తల ఇంకాస్త పగిలింది, లేక పగిలినట్టనిపించిందో, ఏది ముందో ఏది వెనకో తేల్చుకునే ఓపిక లేదు, కణతల్లో ఎవరో ఇనప తలుపును సుత్తితో బాదుతున్నట్టు ఒకటే మోత, మొహమంతా సెగ, నుదుటి చెమట కనుబొమలు దాటి కళ్లలోకి దిగి మండుతోంది, ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి నోటితో ఊపిరి పీలుస్తున్నాడు, ఇవాళే మొదటిసారి తొడుక్కున్న కంపెనీ చొక్కా మెడ చుట్టూ తడిసి ముద్దయింది. అతని మామూలు రక్తపోటు వంద. లిఫ్టు గొయ్యిలో పడిన దగ్గర్నుంచి, అంటే ఈ మూడేళ్లుగా, వందే, ఒక్కోరోజు తొంభై ఐదు. అలాంటిది ఇప్పుడు నూట ఎనభై ఎనిమిది, ఇంకా ఎక్కుతోంది, లిఫ్టు పెట్టె పై అంతస్తు దాటిపోయినా మోటారు ఆగకుండా లాగుతున్నట్టు ఎక్కుతోంది, ఎక్కడో ఒక చోట ఏదో తెగుతుంది, తెగేది తలలోనే, ఆ సంగతి ఈ లిఫ్టు కంపెనీ స్టోరు గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు, అతనికి, అత్తగారికి, అందరూ పెన్సిలు అని పిలిచే అతని పదకొండేళ్ల కూతురికి.

"అంబులెన్సుకి ఇరవై నిమిషాలు పడుతుందట," అన్నాడు ట్రైనింగ్ ఆఫీసరు గుమ్మంలోంచి, లోపలికి రావాలో వద్దో తెలియక ఒక కాలు బయటే పెట్టుకుని.

"ఇరవై అంటే ముప్ఫై. నేను ముప్ఫై రెండేళ్లు బస్సులో తిరిగాను, నాకా చెప్తారు?" అంది అత్తగారు. "మీరు గేటు దగ్గర నిలబడి దారి చూపించండి బాబూ, ఇక్కడ నిలబడితే మీకు కళ్లు తిరుగుతాయి."

ఆమె అతని చొక్కా గుండీలు విప్పుతోంది. ఆమె వేళ్లు ఛాతీ మీద ఒక చోటు దాకా తెలిశాయి, ఆ తర్వాత తెలియడం మానేశాయి. ఆ గీత అతనికి కొత్త కాదు, గీతకు పైన అతను, కింద అతని ఒళ్లు, ఒకే ఇంట్లో మాటల్లేని ఇద్దరు అన్నదమ్ముల్లా మూడేళ్లుగా కాపురం చేస్తున్నారు. తల వంచి చూసుకుంటే పైన చర్మం ఎర్రగా కందిపోయి చెమటతో మెరుస్తోంది, గీత దాటగానే పొట్ట పాలిపోయి, చల్లబడి, రోమాలన్నీ నిక్కబొడుచుకున్నాయి, పైన ఎండాకాలం, కింద చలికాలం, ఒక్క మనిషిలో రెండు కాలాలు, ఈ మాట పెళ్లానికి చెప్తే నవ్వుతుంది, చెప్పే యోగం ఉంటే. కింద ఎక్కడో ఏదో నొప్పెడుతోంది. అతనికి కాదు, అతని ఒంటికి. ఎక్కడో తెలియదు, ఏమిటో తెలియదు, గోరు కావచ్చు, మూత్రం గొట్టం కావచ్చు, బట్టల్లో ముడత కావచ్చు, ఎవరో తెలియని నేరస్తుడు ఒకడు కింద ఏదో ఒక అంతస్తులో దాక్కుని ఉన్నాడు, వాణ్ని పట్టుకునేదాకా ఈ అంకె దిగదు. మందు బిళ్లలు ఇంట్లో ఉండిపోయాయి, మొదటి రోజు కదా కొత్తగా కనపడాలని చక్రాల కుర్చీ వెనక పాత సంచీ తీసేసి కొత్తది తగిలించారు, బిళ్లలు పాత సంచీలో భద్రంగా ఉన్నాయి.

"కార్డు చదువు," అంది అత్తగారు మనవరాలితో. ఆ కార్డు కుర్చీ పట్టీకి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, అదృష్టం, దాన్ని మాత్రం ఎవరూ మార్చలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్తుంటే పెన్సిలే పెద్ద అక్షరాల్లో రాసి పక్కన బొమ్మలు వేసింది, అప్పుడు దానికి ఎనిమిదేళ్లు, కుర్చీలో మనిషి బొమ్మకు తల మీద మంటలు, కాళ్ల కింద మంచు.

"ఒకటి. నిటారుగా కూర్చోపెట్టాలి, కాళ్లు కిందికి దించాలి," అని చదివింది పెన్సిలు. గొంతు వణకలేదు. "నాన్నకేం కాదు అమ్మమ్మా. ఈసారి ఏం కాదు, నాకు తెలుసు."

ఈసారి అంటోందేమిటి అనుకున్నాడు, అనుకున్న మాట మోతలో కొట్టుకుపోయింది. పాదాలను కుర్చీ ఫలకం మీంచి దించి నేల మీద పెట్టారు, అతని పాదాలేనట, చూస్తే తప్ప నమ్మకం లేదు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, వింతేమిటంటే ఇంత గోలలోనూ అది తొందరపడటం లేదు, బరువుగా, దూరం దూరంగా, ఖాళీ భవనంలో ఎవరో మెట్లు దిగుతున్నట్టు. అది ఎందుకో డాక్టరమ్మ చెప్పింది, జుట్టులో పెన్ను గుచ్చుకుని మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చునేది ఆవిడ, ఎప్పుడూ నిలబడి మాట్లాడేది కాదు, నిలబడలేని మనిషితో నిలబడి మాట్లాడకూడదని ఆవిడకు ఎవరు నేర్పారో, వాళ్లు చల్లగా ఉండాలి. "వెన్నుపాము అంటే ఒట్టి వైరు అనుకుంటారు అందరూ," అనేది. "మెదడు చెప్పింది కాళ్లకు మోస్తుంది, కాళ్లు చెప్పింది మెదడుకు మోస్తుంది, తెగితే కథ అయిపోయింది అనుకుంటారు. కాదండీ. దానికి సొంత బుర్ర ఉంది. ఒళ్లంతా రక్తనాళాలు బిగించమని, చెమట పట్టించమని, రోమాలు లేపమని చెప్పే నరాలన్నీ బయల్దేరేది దాని నడిమి భాగంలోంచే. ఆపద అంటే చాలు, మెదడును అడక్కుండానే అవి లేస్తాయి. మెదడు పని ఏమిటంటే పైనుంచి పగ్గం పట్టుకోవడం, ఇంత చాలు, ఇక ఆగు అనడం. మీకు ఆ మాట ఛాతీ దగ్గర ఆగిపోతోంది. కింద కావలివాడు మాత్రం చావలేదు, డ్యూటీలోనే ఉన్నాడు. వాడికి ఆగమని చెప్పేవాళ్లే లేరు."

అప్పుడతనికి వెలిగింది. "గవర్నరు లాగా అన్నమాట," అన్నాడు మంచంలోంచి. ఆవిడకు గవర్నరు అంటే తెలియదు. అతను లిఫ్టు మెకానిక్కు, మనసు విప్పి మాట్లాడి అప్పటికి నెలన్నర అయింది, ఆ రోజు గంట మాట్లాడాడు. పెట్టె హద్దు మీరిన వేగంతో కిందికి జారితే పట్టుకునే చక్రం ఒకటి ఉంటుందండీ, దాని పేరు గవర్నరు, దానికి కరెంటు అక్కర్లేదు, పైన కంట్రోలు బోర్డు కాలి బూడిదైపోయినా అది పనిచేస్తుంది, వేగం తేడా వచ్చిందా, పెట్టె అడుగున ఉన్న దవడలు పట్టాలను కరిచేస్తాయి, ఇక ఏనుగు లాగినా కదలదు. ఒకటే చిక్కు, కరవడం దానికి వచ్చు, వదలడం రాదు. మనిషి వెళ్లి, ఎందుకు పట్టుకుందో చూసి, ఆ కారణం తీసేసి, చేత్తో విడిపించాలి. డాక్టరమ్మ జుట్టులోంచి పెన్ను లాగి అరచేతి మీద రాసుకుంది. "ఇక నుంచి నేను అందరికీ ఇదే చెప్తాను," అంది. పైన మెదడుకు మెడలోని నాళాల ద్వారా ఒత్తిడి పెరిగిందని తెలుస్తుందట, గుండెకు వెళ్లే నరం ఒకటి వెన్ను దారిన కాక వేరే దారిన పోతుందట, అందుకని గుండెను నిదానించగలదు, మొహంలో నాళాలు వదులు చెయ్యగలదు, అంతవరకే దాని చెయ్యి అందేది, ఆ ఎరుపూ ఈ చెమటా అన్నీ పై అంతస్తువాళ్లు పడుతున్న తంటాలు. పాపం పైవాళ్లు, పాపం కిందవాడు కూడా, అతనికి ఆ కిందివాడి మీద ఎప్పుడూ కోపం రాలేదు, తనకు నొప్పి తెలియని చోట తన తరఫున నొప్పి పడుతున్నవాడు వాడొక్కడే.

"రెండు. బెల్టు, గుండీలు, పట్టీలు అన్నీ వదులు చెయ్యాలి."

"అయింది. తర్వాత."

"మూడు. గొట్టం మెలికపడిందా, మూత్రం సంచీ నిండిందా చూడాలి."

అత్తగారు మోకాళ్ల మీద కూర్చుంది, అరవై రెండేళ్ల మోకాళ్లు టప్పుమన్నాయి, ప్యాంటు కాలు పైకి మడిచి గొట్టం మొదలు నుంచి చివర దాకా వేళ్లతో తడుముకుంటూ వచ్చింది. మొదట్లో అతను సిగ్గుతో గోడవైపు తిరిగేవాడు. అల్లుడికి అత్తగారు ఇలాంటి సేవలు చెయ్యడమేమిటని మూడు రోజులు అన్నం మానేశాడు కూడా. ఆమె నాలుగో రోజు పళ్లెం తెచ్చి పక్కన పెట్టి, "చూడు బాబూ, నా బస్సులో నిండు చూలాలు కాన్పయింది, తాగినవాడు నా చీర మీద కక్కాడు, ఒక ముసలాయన నా భుజం మీదే కన్ను మూశాడు. ఇన్ని చూసినదానికి నీ గొట్టం ఒక లెక్కా? తిను," అంది. తిన్నాడు. రిటైరైన వారానికే ఒక పెట్టె, ఒక దుప్పటి, మెడలో ఆ కండక్టరు విజిలు, అంతే, వచ్చేసింది, ఎన్నాళ్లుంటావమ్మా అని కూతురు అడిగితే, "ఆఖరి స్టాపు దాకా," అంది, అంతకు మించి ఆ విషయం మీద మళ్లీ మాట రాలేదు. విజిలు ఇప్పటికీ మెడలోనే ఉంది. ఇందాక పాఠం చెప్పే హాల్లో అతను మాట మధ్యలో ఆగి నుదురు పట్టుకోగానే వెనక బెంచీలోంచి అది మోగింది, ఇరవై రెండు మంది ఉలిక్కిపడి దారి ఇచ్చారు, కుర్చీ గిర్రున తిరిగి ఈ స్టోరు గదిలో పడింది, ఎక్కేవాడు ఎవరో దిగేవాడు ఎవరో కేక లేకుండా తేల్చేసింది.

"గొట్టం బాగుంది. సంచీ సగం కూడా లేదు. పొద్దున కడుపు కూడా ఖాళీ అయింది కాబట్టి ఆ కేసు కొట్టేశాం." ఆమె మళ్లీ రక్తపోటు మిషను మీట నొక్కింది. జబ్బకు పట్టీ ఉబ్బింది, పిండింది, వదిలింది. "నూట తొంభై ఆరు."

గోడకు ఆనించిన లిఫ్టు తలుపుల్లో అతని మొహం మసకగా కనపడుతోంది, ఎర్రగా, ఎవరిదో మొహంలా. తళతళలాడే స్టీలు తలుపులు, ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదియ్యనివి, ఆ వాసన అతనికి ఇష్టం, నూనె, ఇనుము, కొత్త రబ్బరు, మూడేళ్ల తర్వాత ఇవాళ పొద్దున ఈ గేటు దాటగానే ఆ వాసన వచ్చి మెడ చుట్టూ చెయ్యి వేసింది. కుర్చీలోంచి పని చెయ్యనిస్తారా అని అడిగితే, మీ బుర్ర పని చేస్తోందిగా, కొత్తవాళ్లకు పాఠం చెప్పండి అన్నారు. గంటన్నర చెప్పాడు. ఒళ్లు మరిచిపోయి చెప్పాడు, అరగంటకోసారి చేతుల మీద లేచి సీటు మీంచి బరువు తియ్యాలన్న సంగతి కూడా మరిచిపోయాడు. మొదటి సూత్రం బోర్డు మీద రాయించాడు, తలుపు తెరిచాక ముందు కళ్లు, తర్వాత కాలు. రాయించి ఇటు తిరగ్గానే రెండో బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది, "సార్, మరి మీరు ఎలా పడ్డారు?" అని. అతని నోట్లోంచి ఆ పాత జవాబు వచ్చేసింది, మూడేళ్లుగా చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పిన జవాబు, పొడుగు లేదు పొట్టి లేదు, గుండీ నొక్కితే వచ్చేది, "నా తాళంచెవి ఆ రోజు ఇంట్లో ఉండిపోయింది. అందుకే అలా అయింది." ఆ పిల్ల తలూపింది. వెనక బెంచీలో అమ్మమ్మ పక్కన పెన్సిలు తల దించుకుంది. అప్పుడే మెడ వెనక మొదటి సుత్తి దెబ్బ పడింది.

వద్దు, ఆ రోజు వద్దు, ఇప్పుడు తలుచుకోవలసిన రోజు కాదు అది, ఫోను మోగుతోంది, పెళ్లాం.

అత్తగారు స్పీకరు నొక్కింది. అటునుంచి రాయి మీద గాజు అరుగుతున్న చప్పుడు, కళ్లద్దాల దుకాణంలో ఆమె పని అదే, అద్దాలు అరగదీసి చట్రానికి సరిపెట్టడం, వెంట్రుకంత తేడా వచ్చినా ఒప్పుకోదు. "అమ్మా, ఎంతుంది?"

"నూట తొంభై ఆరు."

అరుగుడు ఆగిపోయింది. "బయల్దేరాను. గొట్టం?"

"చూశా."

"బూట్లు?"

"ఇప్పుడు చూస్తా."

"సీటు కింద చూడు. ముడతలు చూడు. జేబుల సంగతి అక్కర్లేదు, ప్యాంట్లన్నిటికీ వెనక జేబులు నేనే విప్పేశాను." మెట్లు దిగుతున్న చప్పుడు. "ఏవండీ, వినపడుతోందా? మీరు నా మాట కాదని చచ్చిపోతే ఊరుకోను, చెప్తున్నా."

"సరే," అన్నాడతను. నవ్వు వచ్చింది, నవ్వితే తల రెండు ముక్కలైంది. వెనక జేబులు విప్పడానికి ఆమె రెండు రాత్రులు కూర్చుంది, గుడ్డకు చిల్లు పడకుండా ఒక్కో కుట్టూ సూదితో లేపి, జేబు ఊడదీసి, ఆ చోటు నున్నగా ఇస్త్రీ చేసి, అరచేత్తో రాసి చూసి, ఇక్కడ ఏం తగలదు అనేది, అతని ఒంటి తరఫున ఆమె అరచెయ్యి. ఎంతమంది చేతులు. అతని కిందిసగానికి తెలియకుండానే దాన్ని ఎంతమంది చేతులు మోస్తున్నాయో, తెలిసే భాగంతో అతను ఎన్నడూ ఇంత ప్రేమ పొందలేదు, పడకముందు అతనొక ఒంటెద్దు మనిషి, పని, పైన మోటారు గది, కిందికి దిగితే తిండి, నిద్ర. కళ్ల ముందు నల్ల చుక్కలు ఈదుతున్నాయి. ఈ తలనొప్పికి కూడా దండం పెట్టాలి. ఇది లేకపోతే కింద ఏం జరుగుతోందో ఎవడు చెప్తాడు, గీత కింద ఒళ్లు కోసుకుపోతున్నా పైన తను గవర్నరు మీద పాఠం చెప్పుకుంటూ ఉండేవాడు. కింది కావలివాడు దారి మూసేస్తే గోడ తన్నుతున్నాడు. అరిస్తే వినపడదని ఇల్లంతా అదరగొడుతున్నాడు. చంపినా చంపుతాడు, కాని నిద్రపోలేదు, నిద్రపోలేదు మహానుభావుడు.

"నాలుగు. బూట్లు, మేజోళ్లు, గోళ్లు," అని చదివింది పెన్సిలు. గొంతు ఇప్పుడు సన్నబడింది. అమ్మమ్మ అతని బూట్లు విప్పి, మేజోళ్లు తిరగేసి దులిపి, పది వేళ్లూ ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. "ఇంత శుభ్రమైన గోళ్లు పెళ్లికొడుక్కి కూడా ఉండవు. ఇక్కడ కాదు. తర్వాతది."

పెన్సిలు చదవలేదు.

"ఏమే, అక్షరాలు పోయాయా?"

"ఐదు," అంది పిల్ల. "కింద... కూర్చున్న చోట ముడత గాని గట్టి వస్తువు గాని..." అక్కడ ఆగిపోయింది. అత్తగారు మెత్తకూ తొడలకూ మధ్య రెండు వైపులా చెయ్యి దూర్చి తడిమింది, అందినంత మేర ఏమీ లేదు. మిషను మళ్లీ పిండింది. ఈసారి ఆమె అంకెను గట్టిగా చదవలేదు. ముప్ఫై రెండేళ్లు ఏ ఛార్జీనీ దాచని మనిషి పెదవి బిగించింది, అతను తనే తల తిప్పి చూశాడు, రెండువందల పదకొండు. లిఫ్టు తలుపు మీది తన మొహం రెండుగా చీలి కనపడింది. అయితే ఇదేనన్నమాట, ఇలాగేనన్నమాట, అనుకున్నాడు, భయం వేస్తుందేమో అని చూశాడు, భయం కంటే ముందు ఇంకేదో ఉంది, ఈ మూడేళ్లు అదనంగా వచ్చినవి కదా అన్న ఆలోచన, గొయ్యిలో సిమెంటు మీద పడి కళ్లు తెరిచినప్పుడు పైన నలుచదరంగా కనపడిన వెలుగు, ఆ వెలుగులోంచి తాడు పట్టుకుని దిగిన తోటి మెకానిక్కు, కదలకు, మెడ కదపకు అని ఏడుస్తూ అరిచిన అతని గొంతు, ఆ గొంతు దగ్గర్నుంచి ఈ క్షణం దాకా అంతా కొసరే, పెళ్లాం అరచెయ్యీ, అత్తగారి విజిలూ, పెన్సిలు వేసిన మంటల బొమ్మా, అంతా. చాలు అనలేడు. ఇంకా కావాలి. కాని ఇచ్చినవాళ్లకు దండం.

చూపు కూతురి మీద పడింది. కార్డు ఛాతీకి అదుముకుని గోడకు ఆనుకుపోయింది. కన్నీళ్లు కారుతున్నాయి, ఏడుపు చప్పుడు లేదు. ఆ మొహం అతనికి తెలుసు. పని మీద వెళ్లిన చోట తప్పు చేసిన కొత్త మెకానిక్కు మొహం అది, తీగ ఎక్కడ కలిపాడో వాడికి తెలుసు, చెప్తే ఏమవుతుందో తెలియదు.

"చెప్పమ్మా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"తీస్తే నువ్వు పడిపోతావు," అంది పెన్సిలు.

"ఏది తీస్తే?"

"అది ఉంటే ఏం కాదు. లేకపోతేనే పడతావు. అందుకే పెట్టాను. కొత్త ప్యాంటుకి అమ్మ జేబు విప్పలేదు, నిన్న రాత్రి ఇస్త్రీ చేసి పెట్టినప్పుడు చూశాను. వెనక జేబులో..."

అత్తగారు ఇంకో మాట వినలేదు. "బాబూ, చేతుల మీద లే!" అతని కింది సగం ఎవరిదైనా పై సగం అతనిదే, భుజాలు మెకానిక్కువి, పదకొండేళ్లు తాళ్లు లాగినవి. రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, పళ్లు బిగించి, తల పగిలితే పగిలిందని లేచాడు, ఆమె వెనకనుంచి నడుం పట్టుకుంది, కళ్లు బైర్లు కమ్మాయి, "తియ్యవే, తియ్యి, రైట్ రైట్!" అని కేక, పెన్సిలు సన్నటి చెయ్యి వెనక జేబులోకి దూరింది, చిక్కుకుంది, లాగింది. కాగితంలో చుట్టిన బొటనవేలంత వస్తువు నేల మీద పడి ఠంగుమంది. అతను కూలబడ్డాడు. అత్తగారు ప్యాంటు జార్చి చూసి, "అబ్బా," అంది. "అచ్చు పడింది. ముద్ర వేసినట్టు, మూడు మూలలూ." అతన్ని ఆ వైపు బరువు పడకుండా పక్కకు ఒరగబెట్టి పట్టుకుంది.

తర్వాత మిషను ఒక్కటే మాట్లాడింది. నూట డెబ్భై నాలుగు. సుత్తి పట్టుకున్నవాడు అలిసిపోయి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. నూట నలభై. ముక్కులో ఒక పక్క తెరుచుకుంది, ఇనుము వాసన, నూనె వాసన, పెన్సిలు తలకు రాసుకునే నూనె వాసన. నూట పద్దెనిమిది. కింద ఎక్కడో, తనకు ఎన్నడూ కనపడని చోట, ఒకడు పట్టాలను కరిచిన దవడలు వదులుతున్నాడు, కారణం తీసేశారు కదా, ఇక వాడికి పని లేదు, వాడికి ఎవరూ ఆగమని చెప్పలేదు, చెప్పలేరు, అయినా ఆగుతున్నాడు. పొట్ట మీద రోమాలు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. థాంక్స్ రా, అనుకున్నాడు, తోటి పనివాడితో అన్నట్టు. పెద్ద మాటలు వాడికి అక్కర్లేదు.

"నూట ఆరు," అంది అత్తగారు, మళ్లీ నిండు బస్సు గొంతుతో, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నా ప్రాణం తీసి చేతిలో పెట్టావు కదయ్యా. అంబులెన్సు వస్తే ఎక్కుతున్నావు, ఆ పుండు డాక్టరుకు చూపించాలి, తగ్గిందిగా అంటే ఊరుకోను." పాఠం చెప్పే హాలు వైపు తలుపు సగం తెరిచే ఉంది, అవతల ఇరవై రెండు మంది ఇటే చూస్తున్నారు.

అతను నేల మీదున్న పొట్లం అందుకున్నాడు. లిఫ్టు తలుపులు తీసే మూడు పలకల తాళంచెవి, అతనిదే, పిడి మీద పదకొండేళ్ల అరుగుదల. చుట్టిన కాగితం పాతది, మడతల దగ్గర చిరుగుతోంది, విప్పితే దాని మీద పెన్సిలుతో గీసిన తాళంచెవి బొమ్మ, కాగితం మీద అసలుదాన్ని పెట్టి చుట్టూ గీత గీసినట్టు, చిన్నపిల్ల చెయ్యి, ఒక మూల గీత జారింది. ఆ మూల చూడగానే అతనికి అంతా అర్థమైంది, అర్థమై, తలనొప్పి పోయిన చోట ఇంకో నొప్పి, ఈసారి గీతకు పైనే, స్పష్టంగా.

"ఇది ఎప్పుడు గీశావు?"

"ఆ రోజు పొద్దున. నువ్వు స్నానం చేస్తుంటే నీ చొక్కాలోంచి తీశాను. గీసి మళ్లీ పెట్టేద్దామనుకున్నా. బడి ఆటో వచ్చేసింది. నా పెన్సిళ్ల డబ్బాలో ఉండిపోయింది." వెక్కిళ్లు మొదలయ్యాయి. "అందరికీ చెప్పేవాడివిగా నాన్నా, తాళంచెవి ఇంట్లో ఉండిపోయింది, అందుకే అలా అయిందని. ఇందాక కూడా చెప్పావు. ఇంట్లో ఉంచింది నేనే. నా వల్లే పడ్డావు. ఇప్పుడు కూడా నేనే..."

మూడేళ్లు. వచ్చినవాళ్లందరి నోరు మూయించడానికి తను నొక్కిన గుండీ ఒకటే, అది నొక్కినప్పుడల్లా కింద ఒక చిన్న అంతస్తులో ఈ పిల్లకు దెబ్బ తగిలింది, నొప్పి పైకి చేరలేదు, ఈ పిల్ల కూడా గోడ తన్నలేదు, అరవలేదు, కార్డు మీద బొమ్మలు వేసింది, కాపలా కాసింది. అత్తగారు మనవరాలిని దగ్గరకు లాక్కుని, "దాని మొహం, చిన్నపిల్ల, ఎవరి తప్పూ కాదు, అయిపోయింది, వదిలెయ్యండి," అంటోంది. వదిలెయ్యడానికి లేదు. కారణం తీసేదాకా దవడలు వదలవు, ఆ మాట తనే చెప్పాడు, ఇందాక, బోర్డు ముందు.

"అత్తయ్యా, ఆ తలుపు పూర్తిగా తియ్యండి," అన్నాడు.

"ఎందుకయ్యా?"

"రెండో బెంచీ పిల్లకి కూడా జవాబు బాకీ ఉన్నాను."

ఆమె తీసింది. అతను కూతురి చెయ్యి పట్టుకున్నాడు, సన్నటి చెయ్యి, ఇందాక ప్రాణం జేబులోంచి లాగిన చెయ్యి. ఆ రోజు వచ్చేసింది ఇక, ఆపలేదు, రెండో అంతస్తు వరండా, మధ్యాహ్నం, ఎవరూ తొందరపెట్టలేదు, ఫోను కూడా రాలేదు, ఏదో పాట ఈల వేస్తున్నాడు.

"నా తాళంచెవి ఇంట్లో ఉన్నమాట నిజం," అన్నాడు, హాలు చివరి బెంచీ దాకా వినపడేలా. "అయితే ఏం? కింద వాచ్‌మన్ దగ్గర ఇంకోటి అడిగి తీసుకున్నాను. అదీ ఇలాంటిదే, తేడా లేదు. తలుపు సుబ్బరంగా తెరుచుకుంది. పెట్టె పైన నాలుగులో ఉంది. ఎప్పుడూ ఉండే చోటే ఉంటుందనుకున్నాను, కళ్లు పెట్టలేదు, కాలు పెట్టాను. నా సొంత తాళంచెవి జేబులో ఉన్నా అలాగే పెట్టేవాణ్ని. నువ్వు ఆ బొమ్మ గీసినా గీయకపోయినా పడేవాణ్ని. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు."

పెన్సిలు వెక్కిళ్లు ఆపి చూస్తోంది. "మరి... ఎవరి వల్ల నాన్నా?"

దూరంగా గేటు దగ్గర అంబులెన్సు మోత వినపడింది. మిషను పట్టీ ఇంకా జబ్బకే ఉంది, అత్తగారు అలవాటుగా మీట నొక్కింది, పట్టీ ఉబ్బింది, పిండింది.

"నా వల్ల," అన్నాడతను. "నేనే."